ప్రతి ఉత్తరమూ సక్రమమే: బ్రిస్టల్ ఉదంతం, దాతల రక్షణపై ఒక కేస్ స్టడీ

2015 మే నెలలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 92 ఏళ్ల వృద్ధురాలు ఒకరు మరణించారు. ఆమె 1938లో, పదహారేళ్ల వయసులో మొదలుపెట్టి, యుద్ధంలో చనిపోయినవారి స్మృతి చిహ్నంగా బ్రిటన్‌లో ఏటా నవంబరులో ధరించే ఎర్రటి పాపీ పువ్వులను 76 ఏళ్లపాటు అమ్మి, మాజీ సైనికుల సంక్షేమానికి నిధులు సమకూర్చిన మనిషి. ఆమె పోయిన కొద్ది రోజులకే, విరాళాలు కోరుతూ ఆ ఇంటికి వచ్చిపడిన ఉత్తరాల కథ బ్రిటన్ పత్రికల మొదటి పేజీలకెక్కింది. ఆమె పేరు అక్కడ అందరికీ తెలిసినదే గాని, నేను చెప్పబోయే విషయానికి దానితో పని లేదు కనుక రాయడం లేదు. మొదటే స్పష్టం చేయవలసిన మాట మరొకటి ఉంది. ఆ ఉత్తరాల బెడద నిజమే అయినా, ఆమె మరణానికి ధార్మిక సంస్థలు కారణం కాదని కుటుంబసభ్యులే చెప్పారు. పత్రికలు ఆ రెండింటినీ ముడిపెట్టి రాశాయి. ఈ ఉదంతాన్ని అలా చదివితే ఎవరో ఒక దోషి కోసం వెతుకుతాం, అసలు సంగతి మాత్రం చేజారిపోతుంది.

నేను బ్రిటన్‌లో ఒక ధార్మిక సంస్థలో దాతల సేవా విభాగంలో పనిచేస్తున్నాను. ఉత్తరాలకు, ఫోన్లకు జవాబివ్వడం, చిరునామాలు సరిదిద్దడం, ఫిర్యాదులు విచారించడం మా పని. మా విభాగంలో కొత్తగా చేరినవారికి శిక్షణలో ముందుగా చదివించేది బ్రిస్టల్ ఉదంతమే. చదివిన ప్రతివారూ మొదట అడిగే ప్రశ్న, ఇందులో తప్పు చేసిన సంస్థ ఏది అని.

అప్పట్లో విరాళాల సేకరణపై స్వీయ నియంత్రణ సంస్థగా ఉన్న ఫండ్‌రైజింగ్ స్టాండర్డ్స్ బోర్డు విచారణ జరిపి 2016 జనవరిలో తుది నివేదిక ఇచ్చింది. అందులో తేలిన లెక్కలు చూస్తే ఆ ప్రశ్నకు సూటి జవాబు ఎందుకు లేదో అర్థమవుతుంది. ఆమె వివరాలు 99 ధార్మిక సంస్థల దగ్గర ఉన్నాయి. వాటిలో పదింట ఏడు సంస్థలకు ఆ వివరాలు అందింది ఆమె దగ్గరి నుంచి కాదు, ఇతరుల ద్వారా. 2000లో ఏడాదికి 119గా ఉన్న ఉత్తరాలు 2014 నాటికి 466కు చేరాయి. 99 సంస్థలకు 466 ఉత్తరాలంటే సగటున ఒక్కో సంస్థ ఏడాదికి రాసింది అయిదు కంటే తక్కువ. రెండున్నర నెలలకొకసారి ఒక ఉత్తరం రాసే సంస్థను ఎవరు తప్పుపడతారు? ఏ సంస్థ లెక్క పుస్తకం తెరిచి చూసినా ఆమె ఒక మంచి దాతగా, క్రమం తప్పకుండా చిన్న మొత్తాలు పంపే పెద్దావిడగా కనిపిస్తుంది. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసినప్పుడు మాత్రమే, దాదాపు ప్రతిరోజూ టపాలో ఎవరో ఒకరి చేయి చాచి ఉండటం కనిపిస్తుంది. అక్కడ నిలబడి చూసే బాధ్యత ఆనాడు ఎవరికీ లేదు. నా దృష్టిలో ఈ కేసు సారమంతా ఆ ఖాళీలోనే ఉంది.

ఆ 99 సంస్థలు ఎలా పోగయ్యాయన్నది విడిగా చూడవలసిన విషయం. ఒక దాత ఒక సంస్థకు పది పౌండ్ల చెక్కు పంపుతారు. చెక్కుతోపాటు నింపి పంపే చీటీ అడుగున, చిన్న అక్షరాలలో, ‘ఇతర సంస్థలు మిమ్మల్ని సంప్రదించడం ఇష్టం లేకపోతే ఈ గడిలో టిక్ పెట్టండి’ అని ఉంటుంది. కళ్లజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే ఆ గడిని దాత ఖాళీగా వదిలేస్తే, ఆ మౌనం అంగీకారంగా నమోదవుతుంది. తరువాత ఆ సంస్థ తన దాతల జాబితాలో కొంత భాగాన్ని మరో సంస్థకు ఇచ్చి, వారి జాబితాలో అంతే భాగాన్ని తీసుకుంటుంది, లేదా జాబితాల దళారీకి అద్దెకిస్తుంది. ఈ బజారులో అన్నిటికంటే ఎక్కువ ధర పలికే పేరు, ఉత్తరం అందగానే చెక్కు రాసే అలవాటున్న మనిషిది. అంటే కాదనలేని స్వభావం ఎవరికి ఎక్కువగా ఉంటుందో వారి పేరే ఎక్కువ చేతులు మారుతుంది. ఒక్కొక్క విరాళం మరికొన్ని అభ్యర్థనలను పుట్టిస్తుంది, వాటిలో ఒకదానికి స్పందిస్తే ఇంకొన్ని పుడతాయి. దీనిలో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. యంత్రం తన పద్ధతిన తాను తిరుగుతూ ఉంటే చాలు.

2015 సెప్టెంబరులో పత్రికల్లోకి వచ్చిన మరో ఉదంతం ఈ యంత్రం ఎంత దూరం తిరగగలదో చూపింది. మతిమరుపు జబ్బుతో బాధపడుతున్న 87 ఏళ్ల మాజీ సైనికాధికారి ఒకరు 1994లో ఎప్పుడో ఒక సర్వే పత్రం నింపి, టిక్ పెట్టవలసిన గడిని ఖాళీగా వదిలేశారు. ఆ ఒక్క గడి ఆధారంగా ఆయన వివరాలు రెండు వందల సార్ల వరకు చేతులు మారాయనీ, చివరకు మోసగాళ్లకు చేరి ఆయన 35,000 పౌండ్లు పోగొట్టుకున్నారనీ పత్రికా పరిశోధనలో వెల్లడైంది. 1994లో ఆరోగ్యంగా ఉన్న మనిషి వదిలేసిన గడిని, ఇరవై ఏళ్ల తరువాత మతి తప్పిన మనిషి అంగీకారంగా చూపించడం చట్టం సంగతి అటుంచి ఇంగితానికే విరుద్ధం. సమ్మతికి కాలపరిమితి ఉండాలని మా విభాగంలో నేను పట్టుబట్టడానికి ప్రధాన కారణం ఈ ఉదంతమే.

ఫోన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2015 జులైలో, విరాళాల కోసం ఫోన్లు చేసే ఒక కాల్ సెంటర్‌లోకి విలేఖరులు మారుపేర్లతో చేరి, వృద్ధులతో ఎలా మాట్లాడమని శిక్షణ ఇస్తున్నారో బయటపెట్టారు. ఆ కాలపు స్క్రిప్టులలో సాధారణంగా మూడు మెట్లు ఉండేవి. మొదట పెద్ద మొత్తం అడగాలి, కాదంటే తగ్గించి అడగాలి, మళ్లీ కాదంటే ఇంకా తగ్గించి అడగాలి. మర్యాదస్తులైన పెద్దలు మూడోసారి కాదనడానికి మొహమాటపడతారన్న లెక్క మీదే ఆ స్క్రిప్టు నిలబడి ఉంది.

దీని తరువాత మార్పులు వేగంగానే వచ్చాయి. సర్ స్టువర్ట్ ఎథరింగ్టన్ అధ్యక్షతన జరిగిన సమీక్ష 2015 సెప్టెంబరులోనే స్వీయ నియంత్రణ విఫలమైందని తేల్చింది. 2016 జులైలో ఫండ్‌రైజింగ్ రెగ్యులేటర్ ఏర్పడింది. ఏ సంస్థ నుంచి తనకు ఉత్తరాలు, ఫోన్లు, ఈమెయిళ్లు వద్దో దాత చెప్పేస్తే ఆ సంస్థ ఆపి తీరవలసిన ఫండ్‌రైజింగ్ ప్రిఫరెన్స్ సర్వీసు 2017 జులైలో మొదలైంది. దాత తరఫున కుటుంబసభ్యులు కూడా దానిలో నమోదు చేయవచ్చు. దాతలకు తెలియకుండా వారి ఆస్తిపాస్తుల స్థాయిని అంచనా కట్టించినందుకు, వారి వివరాలు ఇతరులతో పంచుకున్నందుకు వ్యక్తిగత సమాచార రక్షణను చూసే సమాచార కమిషనర్ కార్యాలయం 2016 డిసెంబరులో రెండు పేరొందిన సంస్థలకు 25,000, 18,000 పౌండ్ల జరిమానాలు వేసి, 2017 ఏప్రిల్‌లో మరో 11 సంస్థలకు కూడా వేసింది. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ, ఆదాయం తగ్గుతుందని తెలిసి కూడా, 2017 నుంచి స్పష్టంగా సరేనన్నవారికే రాస్తామని ప్రకటించింది. ఈ మొత్తంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే నిర్ణయం అదొక్కటే. మిగిలినవన్నీ బలవంతం మీద వచ్చినవి.

2016 నాటి ధార్మిక సంస్థల చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం, ఆడిట్ తప్పనిసరైన పెద్ద సంస్థలు బలహీన స్థితిలో ఉన్నవారిని ఎలా కాపాడుతున్నాయో వార్షిక నివేదికలో చెప్పాలి. దాత ఏకాంతంలోకి అనుచితంగా చొరబడటం, పదేపదే అడిగి విసిగించడం, ఇవ్వమని మితిమీరి ఒత్తిడి చేయడం అనే మూడింటి నుంచి రక్షణ కల్పించాలన్నది దాని సారాంశం. ఇవి మంచి మాటలే. కానీ ఈ మూడింటినీ కొలిచేది ఒక్కొక్క సంస్థ ప్రవర్తనతోనే. బ్రిస్టల్ ఉదంతంలో ‘పదేపదే’ అన్నది 99 చేతుల మధ్య పంచుకుపోయిందని మరచిపోకూడదు. జాబితాల మార్పిడికి అడ్డుకట్ట పడింది కనుక ఇవాళ అలాంటి పోగు తయారుకావడం కష్టమే గాని, ఆ మొత్తాన్ని ఒకచోట నిలబడి చూసే కన్ను ఇప్పటికీ లేదు.

ఇక బలహీన స్థితి అంటే ఏమిటన్న దగ్గర మా రోజువారీ పని మొదలవుతుంది. వయసును ఒక్కదాన్నే గుర్తుగా పెట్టుకోవడం తప్పు. 92 ఏళ్ల మనిషికి తన డబ్బు ఎవరికివ్వాలో స్పష్టంగా తెలిసి ఉండవచ్చు, భర్త పోయి పదిరోజులైన 40 ఏళ్ల మనిషికి ఆ పూట ఏమీ తెలియకపోవచ్చు. బ్రిటన్ విరాళాల నియమావళి వయసుతోపాటు శారీరక, మానసిక అనారోగ్యాన్ని, అభ్యసన లోపాలను, ఆప్తుల మరణం వంటి దుఃఖ సమయాలను, మద్యం మత్తును, అడిగేవారి భాష ధారాళంగా రాకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. మరోవైపు 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం, సామర్థ్యం లేదని రుజువయ్యేదాకా ప్రతివారికీ ఉన్నట్టే భావించాలనీ, తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన సామర్థ్యం లేదనుకోరాదనీ చెబుతుంది. ఈ రెండింటి మధ్య నడవడం నేర్పడానికి ఏ శిక్షణా పత్రమూ చాలదు. ఇందుకు మా దగ్గరికి వచ్చిన ఒక ఫైలును వివరంగా చెబుతాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

1960లు, 70లలో ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చి బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవలో స్థిరపడిన తెలుగు డాక్టర్లు ఇప్పుడు ఎనభయ్యో పడిలో ఉన్నారు. వారిలో చాలామంది పోయారు, భార్యలు మిగిలారు. పిల్లలు వేరే ఊళ్లలో, పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉంటూ, టపా కోసం ఎదురుచూసే తరం అది. అలాంటి ఒక ఇంటికి మా తరఫున ఫోన్లు చేసే ఏజెన్సీ నుంచి, చాలాకాలంగా విరాళమిస్తున్నందుకు ధన్యవాదాలు చెప్పి నెలవారీ మొత్తాన్ని పెంచమని అడిగే ఫోన్ వెళ్లింది. నాణ్యత పరిశీలనలో రికార్డింగు విన్న సహోద్యోగికి మధ్యలో ఒక వాక్యం అర్థంకాక నన్ను పిలిచింది. ఆ ఇంటి పెద్దావిడ ఇంగ్లీషులో మాట్లాడుతూ మాట్లాడుతూ, తనకు తెలియకుండానే తెలుగులోకి జారి, ‘ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదమ్మా, వచ్చాక అడిగి చెబుతాను’ అన్నారు. మా రికార్డుల ప్రకారం ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆయన స్మృత్యర్థమే ఆమె మాకు విరాళమివ్వడం మొదలుపెట్టారు. ఫోన్ చేసిన అమ్మాయి మాత్రం, అర్థంకాని మాటను మర్యాదగా దాటేసి, ‘ఆలోచించి చెబుతారు, మళ్లీ ఫోన్ చేయాలి’ అని నమోదు చేసింది.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి లేదు. ఆమె ముందున్న తెరమీద ‘సరే’, ‘వద్దు’, ‘మళ్లీ చేయాలి’ అన్న మూడు గడులే ఉన్నాయి, ‘ఏదో తేడాగా ఉంది’ అన్న గడి లేదు. ఆ గడి ఉండి ఉంటే, దాన్ని నొక్కినందుకు ఆమె రోజువారీ లెక్క తగ్గదని హామీ కూడా ఉండి ఉంటే, భాష తెలియకపోయినా ఆమె ఆగేది. మేము మొదట చేసిన మార్పు అదే.

తరువాత ఆ ఖాతా తిరగేస్తే, ఫోన్ కంటే ముందే సూచనలు ఉన్నాయి. ఒకే అభ్యర్థనకు రెండు చెక్కులు వచ్చాయి. ఒక చెక్కు మీద సంతకం లేదు. ఒక కవరులో చెక్కుకు బదులు కరెంటు బిల్లు వచ్చింది, దాన్ని ఎవరో గుమస్తా మర్యాదగా తిరిగి పంపించేశారు. విడివిడిగా చూస్తే ఏ ఇంట్లోనైనా జరిగే పొరపాట్లే ఇవి. మూడూ వేరువేరు బల్లలమీదికి వెళ్లాయి. బ్రిస్టల్‌లో 99 సంస్థల మధ్య జరిగినదే మా ఒక్క సంస్థలో మూడు బల్లల మధ్య జరిగింది.

నేను ఆమెకు తెలుగులో ఫోన్ చేశాను. ‘నమస్కారం అమ్మగారూ’ అనగానే ఊరేది, ఇంటిపేరేది అని ఆమె వరసబెట్టి అడిగారు. పాత సంగతులన్నీ చక్కగా చెప్పారు, ఆ వారం సంగతులు మాత్రం కలగాపులగమైపోయాయి. నేను ఏ విరాళం ఊసూ ఎత్తలేదు, అది నియమం. ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయా, ఆపమంటారా అని మాత్రం అడిగాను. ‘రానీ బాబూ, ఎవరో ఒకరు రాస్తున్నారు కదా’ అన్నారు. ఈ వృత్తిలో ఇంతకంటే ఇరకాటపు జవాబు మరొకటి ఉండదు. ఉత్తరం ఆమెకు తోడు కూడా. ఉత్తరాలన్నీ ఒక్కసారిగా ఆపేస్తే మా మనస్సాక్షికి శాంతి గాని, ఆమెకు శాంతి అని చెప్పలేం. చివరకు విరాళం అడిగేవి ఆపి, మా పనుల గురించి చెప్పే త్రైమాసిక పత్రికను మాత్రం, విరాళం చీటీ లేకుండా, పంపడానికి నిర్ణయించాం. తోడు కోసం ఫోన్ చేసి మాట్లాడే వృద్ధుల సహాయ సంస్థల సంగతి కూడా ఆమెకు, తరువాత కూతురికి చెప్పాం.

ఆమెకు నిర్ణయ సామర్థ్యం ఉందా లేదా అన్నది తేల్చడం మా పని కాదు, మాకు ఆ అర్హత లేదు. లేదని నమ్మడానికి తగిన కారణం ఉందా అన్నంతవరకే మా పరిధి. అలాంటి కారణం ఉంటే విరాళం తీసుకోకూడదు. కొద్దికాలానికి కూతురే మమ్మల్ని సంప్రదించారు. అడగడం ఆపమని ఎవరు చెప్పినా ఆపవచ్చు, దానికి అధికార పత్రం అక్కర్లేదు. కానీ తల్లి ఎంత ఇచ్చారో కూతురికి చెప్పాలన్నా, డబ్బు తిరిగి ఇవ్వాలన్నా, ఆమెకు చట్టపరమైన అధికారం ఉండాలి. తల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడే, తన తరఫున వ్యవహరించమని రాసి, పబ్లిక్ గార్డియన్ కార్యాలయంలో నమోదు చేయించిన అధికార పత్రం ఆమె దగ్గర ఉంది కనుక పని తేలికైంది. అది లేని కుటుంబాలు కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

డబ్బు తిరిగి ఇవ్వడం వినడానికి సులువు. ధర్మకర్తలకు మాత్రం అది దాత డబ్బు కాదు, ఆశయానికి అంకితమైన డబ్బు. కేవలం జాలిపడి తిరిగి ఇచ్చే స్వేచ్ఛ వారికి చట్టం సాధారణంగా ఇవ్వదు. దాతకు ఇచ్చిన సమయంలో సామర్థ్యం లేకపోతే ఆ దానమే నిలవదు, అప్పుడు తిరిగి ఇవ్వడం ధర్మకర్తల విధి అవుతుంది. అందువల్ల మొత్తం వ్యవహారం ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్న దగ్గరికి వస్తుంది. వైద్యుడు జబ్బును నిర్ధారించిన తేదీ తరువాతవి, దానికి ముందు మా కాగితాలలోనే తేడా కనిపించిన నాటి నుంచి వచ్చినవి తిరిగి పంపాం. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆమె భర్త పేరున ఇచ్చినవాటిని తాకలేదు. కూతురు కూడా వాటిని అడగలేదు. పైగా తండ్రి వర్ధంతికి తల్లి ఇచ్చే విరాళం ఆగకూడదని కోరారు. దాత అలవాటుగా ఇచ్చే సంస్థలకు, ఆమె ఆస్తి దృష్ట్యా సబబైన మొత్తాన్ని ఆమె తరఫున ఇవ్వడానికి మానసిక సామర్థ్య చట్టం 12వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఆ ప్రకారం ఏటా ఒక్క చెక్కు కూతురి సంతకంతో వస్తోంది.

ఆ ఫైలులో మా చేతికి అందనిది ఒకటి ఉంది. ఆ పెద్దావిడకు ఇండియా నుంచి కూడా ఫోన్లు, వాట్సాప్ సందేశాలు వస్తున్నాయని కూతురు చెప్పారు. అన్నదానానికి, గోశాలకు, గుడి జీర్ణోద్ధరణకు అడిగేవారు అందరూ మోసగాళ్లు కారు, కొందరు నిజమైన ట్రస్టులవారే. కానీ ఇంగ్లండ్‌లో నమోదు కాని సంస్థలను ఇక్కడి ప్రిఫరెన్స్ సర్వీసు ఆపలేదు. భారత కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ వయసు, జబ్బు, మానసిక క్లేశం వల్ల మనసు స్థిమితం తప్పినవారి మీద చెలాయించే అనుచిత ప్రభావాన్ని గుర్తిస్తుంది గాని, దాన్ని పట్టుకుని గుంటూరు కోర్టుకు వెళ్లే ఓపిక బర్మింగ్‌హామ్‌లో ఉన్న కూతురికి ఎక్కడిది? చివరకు కూతురే, తల్లి ఫోన్‌లో తెలియని నంబర్లను అడ్డగించే ఏర్పాటు చేశారు. హైదరాబాద్, విజయవాడలలో విరాళాల కోసం ఫోన్లు చేయించే సంస్థలలో పనిచేస్తున్న తెలుగు మిత్రులు ఇది చదివితే, వారి తెరమీద ‘ఏదో తేడాగా ఉంది’ అన్న గడి ఉందో లేదో చూసుకోమని నా విన్నపం.

చివరగా రికార్డుల విషయం. జబ్బు గురించిన అనుమానం ఆరోగ్య సమాచారమే, సమాచార రక్షణ నిబంధనల ప్రకారం దాన్ని రాసి ఉంచడానికి గట్టి కారణం చూపాలి. అందుచేత ఖాతాలో ‘డిమెన్షియా కావచ్చు’ అని రాయం. ‘అభ్యర్థనలు పంపరాదు, ప్రశ్నలుంటే దాతల సేవా విభాగాన్ని అడగండి’ అని రాస్తాం. కోపం వచ్చిన కుటుంబాలు తరచుగా, పేరు పూర్తిగా తీసేయమంటారు. అలా తీసేస్తే వచ్చే ఏడాది మరో దారిలో అదే పేరు కొత్త దాతగా లోపలికి వచ్చినప్పుడు ఆపడానికి మా దగ్గర ఆధారం ఉండదని వారికి నచ్చజెప్పి, సంప్రదించరాదన్న జాబితాలో పేరు, చిరునామా వరకు మాత్రం ఉంచుతాం. ప్రతి అభ్యర్థన అచ్చుకు వెళ్లేముందు ఆ జాబితాతో సరిచూడాలి, ఫోన్లు చేసే ఏజెన్సీకి ఇచ్చే జాబితాను కూడా ఇచ్చే రోజునే సరిచూడాలి, ముందు వారం చూశాం కదా అంటే కుదరదు.